ఒక్కసారే తిరిగే రీలు

కిందటి వారం మనం డ్రైవరమ్మను తెర ముందు కుర్చీ అంచున కూర్చోబెట్టి ఎవరి పనిమీద వాళ్లం వెళ్లిపోయాం. పాపం ఆ మహాతల్లి ఇంకా అక్కడే కూర్చుని ఉంది. మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పుకుని ఆమెను లేపుదాం.

డ్రైవరమ్మ బండి నడిపే మనిషి కాదు. కంప్యూటరు పెట్టెలో ఉండే కార్డులకూ, ఆ పెట్టెనంతా ఏలే కర్నెలుకూ మధ్య మాట నడిపించే ప్రోగ్రాములు రాస్తుంది. వాటినే డ్రైవర్లంటారు. పక్కింటావిడ మాత్రం ఈనాటికీ "నీ లారీ ఎక్కడ పెడతావమ్మా, ఒక్కనాడూ కంటబడదు" అని అడుగుతూనే ఉంది. ఆమె పనిచేసేది పాత గొంతులు దాచే భాండాగారంలో. ఎప్పుడో టేపుల మీద పట్టిన పాటలను అక్కడ డిస్కు మీదికి ఎక్కిస్తారు. టేపులు ముసలివైపోయాయి. పూత జిగురు కక్కుతోంది. ఒక్కో రీలును ఎనిమిది గంటలు సన్నటి సెగలో ఆరబెట్టి, చల్లార్చి, ఒక్కసారి తిప్పుతారు. తిరుగుతూ తిరుగుతూనే పూత పొడిలా రాలిపోతుంది. రెండోసారి తిప్పితే ఉత్త ప్లాస్టిక్కే. మధ్యలో ఆపారా, టేపు యంత్రానికి అతుక్కుని పూత పూతంతా పొరలా ఊడివస్తుంది.

అలాంటి చోట కిందటి వారం పడవవాళ్ల పాట ఎక్కుతుండగా పంతొమ్మిదో నిమిషంలో పెట్టె బిగుసుకుపోయింది. టేపు తిరుగుతూనే ఉంది, డిస్కు మీద ఒక్క ముక్కా పడలేదు. మిగతా పాట ఇక ఈ భూమ్మీద లేదు. ఎందుకిలా అయిందని డ్రైవరమ్మ డిస్కు కార్డు డ్రైవరులో ఒక్కో వరుసా తవ్వుకుంటూ పోతే, రెండువందల పదిహేడో వరుసలో ఒక్క మాట ఎవరో మార్చినట్టు కనబడింది. ఎవరు మార్చారో పేరు కూడా పక్కనే ఉంది. ఆ పేరు చదివి ఆమె కుర్చీ అంచుకు జరిగిందని చెప్పి ఊరుకున్నాం.

ఆ పేరు ఆమెదే.

తేదీ చూస్తే పద్నాలుగేళ్ల కిందటిది. ఉద్యోగంలో చేరి అప్పటికి మూడో వారం. మార్పు పక్కన కారణం రాయాలన్న ఆనవాయితీ ప్రకారం తనే రాసిన వాక్యం కూడా ఉంది: "అన్నిచోట్లా ఒకే ఫ్లాగు వాడితే చూడడానికి బాగుంటుంది."

చూడడానికి బాగుండడమే కొంప ముంచింది.

కర్నెలును మెమరీ అడిగేటప్పుడు ఎంత కావాలో చెబితే సరిపోదు, ఏ తీరున అడుగుతున్నామో కూడా చెప్పాలి. ఆ తీరు చెప్పేదే ఫ్లాగు. జీఎఫ్‌పీ కర్నెల్ అని అడిగితే, "లేకపోతే ఎక్కడైనా ఖాళీ చేయించి ఇవ్వు, అందాకా కునుకు తీస్తాను" అని. జీఎఫ్‌పీ అటామిక్ అంటే, "ఉంటే ఈ క్షణాన ఇవ్వు, లేకపోతే లేదను, నాకు కూర్చునే తీరిక లేదు" అని. ఈ రెంటికీ నడుమ జీఎఫ్‌పీ నోఐఓ అని మూడోది ఒకటి ఉంది. "ఆగుతాను గానీ, నాకోసమని డిస్కు జోలికి మాత్రం పోకు" అని దాని అర్థం. రెండువందల పదిహేడో వరుసలో మొదట ఉన్నది ఈ మూడోదే. ఇరవై రెండేళ్ల డ్రైవరమ్మ దాన్ని తీసేసి మొదటిది పెట్టింది.

ఆ మూడోది అక్కడ ఎందుకుందో ఆమెకు ఎవరూ చెప్పలేదా అంటే, చెప్పారు. చెప్పింది మావయ్య. వాళ్లమ్మకు స్వయానా తమ్ముడు, ఆ డ్రైవరు మొదట రాసిన మనిషి, పెళ్లి మాటెత్తితే లేచిపోయే ఘోటక బ్రహ్మచారి. ఉద్యోగంలో చేరిన మొదటి రోజున, కిటికీ పక్కన రెండు కుర్చీలు వేయించి, కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఒక కథ చెప్పాడు.

"మా చిన్నప్పుడు చేద నూతిలో పడిపోయిందే. తీయాలంటే కొక్కేల పాతాళభేది కావాలి. అది వీధి చివర ఒక అవ్వ దగ్గర ఉంది. ఆవిడకు మహా శుభ్రం పిచ్చి. పాతాళభేది దొడ్లో వేసి ఉంటుంది, మట్టి కొట్టుకుపోయి ఉంటుంది, కడగందే గడప దాటనివ్వదు. కడగాలంటే నీళ్లు కావాలి. నీళ్లు కావాలంటే చేద కావాలి. చేద నూతిలో ఉంది. ఆ ఏడాది మా వీధివాళ్లం మొత్తం వర్షం పడేదాకా స్నానం చేయలేదు."

"ఏడాదంతానా మావయ్యా?"

"పదకొండు నెలలు. చివరి నెలలో మా వీధిలోకి దొంగలు కూడా రావడం మానేశారు."

ఆమె పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. కథ గుర్తుండిపోయింది. కథ దేని గురించి చెప్పాడో ఆ వారమే మరిచిపోయింది. పెట్టెలో మెమరీ నిండుకుంటే, కర్నెలు పాత సరుకును డిస్కు మీదికి దించి చోటు చేస్తుంది. దించాలంటే డిస్కు డ్రైవరు పని చేయాలి. ఆ డ్రైవరే మెమరీ కోసం కునుకు తీస్తోంది. అది లేస్తే గాని చోటు దొరకదు, చోటు దొరికితే గాని అది లేవదు. ఆ అవ్వా, ఆ చేదా ఇక్కడున్నాయి. ఇప్పుడు, ముప్పై ఆరేళ్ల వయసులో, తెర ముందు కూర్చుని ఆమెకు ఆ అవ్వ మళ్లీ కనబడింది. ఈసారి నవ్వు రాలేదు.

మధ్యాహ్నం మూడవుతుండగా మావయ్య వచ్చాడు. ఆమే కబురు పెట్టింది. పద్నాలుగేళ్ల తరవాత ఆయన ఆ గదిలో అడుగుపెట్టడం అదే. గుమ్మంలో ఆగి, ఆ గది వాసన ఒకసారి గుండెల నిండా పీల్చుకున్నాడు. వేడెక్కిన తీగలు, పాత అట్టపెట్టెలు, టేపు జిగురు కలిసిన వాసన. గోడ పొడవునా అరల్లో రీళ్ల పెట్టెలు వెన్నులు చూపిస్తూ నిలబడి ఉన్నాయి. వాటిలో సగానికి పైగా ఆయన పట్టినవే. కంప్యూటర్లు రాకముందు పదిహేను కిలోల యంత్రం సైకిలు వెనక కట్టుకుని, పాడేవాళ్లున్న చోటికల్లా తిరిగిన మనిషి.

"ఆ ఏడో అరలో పైవరుస చూశావా? కప్పలు. నేను మైకు పెడితే కప్పలు గొంతు సవరించుకునేవి. ఒకటి మాత్రం తాళం తప్పేది. లేచి వెళ్లి చెప్పొచ్చాను, మళ్లీ తప్పలేదు."

"ఆ కప్ప ఇప్పుడు ఎక్కడుందో?" అంది మూల నుంచి ఒక గొంతు. టేపుల పెద్దాయనది. భాండాగారం తాళాలు ఆయన మొల్లో ఉంటాయి. మనిషి మాట తక్కువ, చెవి ఎక్కువ. సెగపెట్టె పక్కన పీట వేసుకుని కూర్చుని, చల్లారుతున్న రీలును చంటిపిల్లను చూసినట్టు చూస్తున్నాడు.

"అది సంగీతం పాఠాలు చెబుతోంది. మీరు రీలు చూసుకోండి" అన్నాడు మావయ్య.

డ్రైవరమ్మ కుర్చీ పక్కకు జరిపింది. "మావయ్యా, ఇలా వచ్చి ఇది చూడు."

ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తెర వంక చూడలేదు. "ఏం చూడమంటావు? రెండువందల పదిహేడో వరుసేగా?"

ఆమె చేయి మౌసు మీదే ఆగిపోయింది. "నీకెలా తెలుసు?"

"జోలపాటల రీలు పోయిన మర్నాడు పొద్దున్నే చూశాను."

జోలపాటల రీలంటే ఈ భాండాగారంలో పోయిన మొదటి రీలు. పద్నాలుగేళ్ల కిందట ఇలాగే పెట్టె బిగుసుకుంటే పోయింది. నలుగురు ముసలమ్మల గొంతులు. ఆ నలుగురూ అప్పటికే లేరు. పెద్దవాళ్లు పిలిచి అడిగితే మావయ్య "తప్పు నాది" అని ఒక్క మాట చెప్పి, సొరుగులోని కలాలు జేబులో వేసుకుని ఇంటికి వెళ్లిపోయాడు. ఆ తరవాత కీబోర్డు ముట్టలేదు. ఇంట్లో అందరూ పరాకున పొరపాటు చేశాడనుకున్నారు. డ్రైవరమ్మ కూడా అలాగే అనుకుంది. అనుకోవడమే కాదు, ఒకటి రెండు పెళ్లిళ్లలో నలుగురి ముందూ జాలిగా అంది కూడా. అది ఇప్పుడు గుర్తొచ్చి చెవులు కాలాయి.

"నా తప్పని తెలిసి నీదని ఎందుకు చెప్పావు?"

"నాదే కదే. మార్చింది నువ్వు. చూసి సరేనని సంతకం పెట్టింది ఎవరు? పరీక్ష చేసింది ఎవరు? ఇక్కడి పెట్టెకు ఎనిమిది రెట్లు మెమరీ ఉన్న పెట్టె మీద తిప్పి చూసి, భేషుగ్గా ఉందన్నాను. అంత మెమరీ ఉన్నచోట ఎవడు నిద్రపోతాడు? గాదె నిండా గింజలున్న రోజున కోడలి ఓర్పు పరీక్షించినట్టు."

"సరే, సంతకం పెట్టావు. తెలిసిన పొద్దున్నే నన్ను పిలిచి ఒక్క మాట చెబితే ఒక్క వరుస మార్చేదాన్ని కదా. నువ్వేం చేశావు?"

ఆయన కళ్లజోడు ఇంకోసారి తుడిచాడు.

"నేను చెబుతాను. వెళ్లిపోయే ముందు పెట్టెలో మెమరీ రెట్టింపు చేయించావు. రీలు తిరిగేటప్పుడు ఇంకే ప్రోగ్రామూ తెరవకూడదని గోడకు కాగితం అంటించావు. అది నియమం అనుకుని ఇన్నేళ్లూ పాటించాం. కిందటి వారం ఈ టేపుల బాబాయిగారు లేబుళ్ల ఫొటోల ప్రోగ్రాము తెరిచారు. మెమరీ నిండుకుంది. పడవ పాట పోయింది." ఆమె గొంతు పెంచలేదు. అదే ఆయనకు కష్టమైంది. "నన్ను కాపాడాననుకున్నావు మావయ్యా. కాపాడింది ఆ తప్పును."

మావయ్య కుర్చీ కోసం చేయి చాపి, తడుముకుని కూర్చున్నాడు. కోతలు కోసే మనిషి మాటలు వెతుక్కోవడం చూస్తే ఎవరికైనా ఇబ్బందే. పెద్దాయన రీలు వైపు తిరిగిపోయాడు.

"ఆ రోజు నువ్వు క్యారేజీ మూత తీయకుండా సాయంత్రం దాకా ఒళ్లో పెట్టుకు కూర్చున్నావు" అన్నాడు మావయ్య చివరికి. "రీలు ఎందుకు పోయిందో కూడా నీకు తెలియదు, అయినా ఏడుపు. ఇది నీ చేతి పనే అంటే, పిల్ల మళ్లీ కీబోర్డు ముట్టదనుకున్నాను."

"ముట్టనిది నువ్వు."

"అవును" అన్నాడాయన. "నాకు చేతకాలేదే. ప్రతి వరుసా నావంక అనుమానంగా చూసినట్టుండేది."

ఆమెకు కోపం ఉంది, తగ్గలేదు. ఆ కోపం పక్కనే ఆ కిటికీ, రెండు కుర్చీలు, చల్లారిన కాఫీ కూడా ఉన్నాయి. అప్పట్లో ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ మూడు రంగుల కలాలుండేవి. ఆగే ఫ్లాగుకు ఆకుపచ్చ, ఆగని దానికి ఎరుపు, డిస్కు జోలికి పోవద్దన్న దానికి నీలం. ఆమె రాసిన కాగితాల మీద ఆ రంగులతో సున్నాలు చుట్టేవాడు. ఇప్పుడు ఆ జేబు ఖాళీగా, కాస్త సాగి ఉంది.

"మీ ఇద్దరి పంచాయితీ తరవాత చూసుకోండి" అన్నాడు పెద్దాయన. "రీలు చల్లారింది. సున్నం దంచేవాళ్ల పాట, ముప్పై ఎనిమిదేళ్లది, రెండో ప్రతి లేదు. పొద్దుగూకేలోగా తిప్పకపోతే జిగురు మళ్లీ పైకొస్తుంది. ఈ యంత్రానికి ఈ పెట్టె తప్ప ఇంకోటి పట్టదు. ఇంకోసారి ఆరబెట్టానంటే టేపు పెళపెళలాడి తెగిపోతుంది."

మావయ్య గబుక్కున లేచాడు. "ఆ ఫొటోల ప్రోగ్రాము మూసెయ్యి. మెమరీ వదులవుతుంది, రీలు గట్టెక్కుతుంది. వరుస సంగతి రేపు చూద్దువు గాని."

"ఆ రేపుకి పద్నాలుగేళ్లు నిండాయి" అంది డ్రైవరమ్మ, వేళ్లు విరుచుకుని.

మార్చడానికి ఎంతసేపు? కర్నెల్ అన్న మాట చెరిపి నోఐఓ అని కొట్టింది. అయిపోయింది. తరవాత మార్పు పక్కన కారణం రాయడం మొదలుపెట్టింది. ఈ వృత్తివాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. ఏ తప్పు సరిచేసినా, ఆ తప్పు ఏ మార్పుతో లోపలికొచ్చిందో వేలెత్తి చూపుతూ అడుగున ఒక వరుస రాయాలి. లోకంలో ఎవరు తెరిచినా కనబడుతుంది. చెరపడానికి వీలుండదు.

"ఆ వరుస రాయకే" అన్నాడు మావయ్య మెల్లగా. "మార్చావు, చాలు. ఇప్పుడెవరు అడిగారు?"

ఆమె రాసింది. తన పాత మార్పు, తన పేరు, దానివల్ల పోయిన రెండు రీళ్లు, అన్నీ. రాస్తున్నంతసేపూ ఆయన ఆమె వేళ్ల వంకే చూశాడు. రాయడం అయ్యాక తెర మీదికి వంగి, ముక్కు తగిలేంత దగ్గరగా వెళ్లి డ్రైవరు మొత్తం పైనుంచి కిందికి చదివాడు.

"ఇంకా ఆరలేదే మంట" అన్నాడు ఉన్నట్టుండి. గొంతులో పాత బిగువు వచ్చింది. "నీ వరుస బాగుంది. కింద నువ్వు పిలుస్తున్న ఈ సహాయం ఫంక్షను ఎవరిది? కొత్తగా వచ్చిందా?"

"లైబ్రరీలోది. నాలుగేళ్ల కిందట వచ్చింది."

"అది లోపలికెళ్లి సొంతంగా మెమరీ అడుగుతోంది. మామూలు ఫ్లాగుతో. నువ్వు ముందు గుమ్మం మూశావు, అది దొడ్డిదారిన వెళ్లి అవ్వ తలుపే తడుతోంది."

ఆమె చూసింది. నిజమే. ఆయన రాకపోయి ఉంటే సున్నం పాట కూడా పడవ పాట పక్కకు వెళ్లేది. "దానికి ఫ్లాగు మార్చడానికి లేదు మావయ్యా, అది మనది కాదు."

"మా రోజుల్లో అయితే కొత్తది రాసుకునేవాళ్లం. ఇప్పుడేదో ఉందటగా, అడిగిన ప్రతిసారీ చెప్పకుండా, పని మొదలయ్యే చోటే గుర్తు వేసి, పని అయ్యాక తీసేయడం? ఆ నడుమ ఎవరు అడిగినా డిస్కు జోలికి పోకుండా ఉంటుందట."

"కీబోర్డు ముట్టనివాడివి, నీకెలా తెలుసు?"

"ముట్టలేదన్నాను గాని చదవలేదన్నానా?"

పద్నాలుగేళ్లుగా ఆయన ఇంట్లో ఒక్కడే కూర్చుని, ఎవరికీ చెప్పకుండా, కర్నెలు మార్పులన్నీ చదువుతూ వచ్చాడన్నమాట. ఆమె కీబోర్డు దగ్గరికి లాక్కుంది. పని మొదలయ్యే చోట గుర్తు వేసింది. అయిపోయిన చోట తీసేసింది. ఈసారి పరీక్ష పెద్ద పెట్టె మీద చేయలేదు. అదే పెట్టెలో మెమరీని కావాలని పిండేసి, పీకల దాకా నింపి, పనికిరాని ఖాళీ రీలు ఒకటి గంటసేపు తిప్పారు. పెట్టె మూలిగింది, మెల్లబడింది, ఆగలేదు.

"నా పేరు కూడా వెయ్యి కింద, చూసినవాడినని" అన్నాడు మావయ్య. "ఈసారి నిజంగానే చూశాను."

అయిదుంబావుకు పెద్దాయన రెండు చేతులతో రీలెత్తి యంత్రానికి తగిలించాడు. ఫొటోల ప్రోగ్రాము మూయలేదు. మూయనివ్వలేదు డ్రైవరమ్మ. సున్నం దంచే దిమ్మెసల చప్పుడు మొదలైంది, దాని మీద పదిమంది ఆడవాళ్ల గొంతులు, మధ్యలో ఎవరో దగ్గు. మావయ్య కళ్లు మూసుకుని వేళ్లతో మోకాలి మీద దరువు వేస్తున్నాడు. సైకిలు, దుమ్ము, ఆ రోజుటి ఎండ ఆయన మొహంలో కనబడుతున్నాయి. టేపు కింద గోధుమరంగు పొడి సన్నగా రాలుతోంది.

పంతొమ్మిదో నిమిషం వచ్చింది. తెర మీద మెమరీ గీత అడుగంటింది. డిస్కు దీపం ఆరిపోయింది. డ్రైవరమ్మ లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. దీపం వెలిగింది. ఆరింది. మళ్లీ వెలిగి, తన దారిన తాను మినుకుమినుకుమంటూ సాగిపోయింది. పెద్దాయన చేత్తో ముఖం తుడుచుకున్నాడు. మావయ్య కళ్లు తెరవకుండానే ఆమె నెత్తిన చిన్నగా ఒక మొట్టికాయ వేశాడు, ఇరవై రెండేళ్లప్పుడు వేసినట్టే.

ఇరవై ఆరో నిమిషంలో పాట అయిపోయింది. దిమ్మెసలు పక్కన పడేసిన చప్పుడు, అడుగులు దూరమవడం వినబడ్డాయి. టేపు ఇంకా వేలెడు మందం మిగిలి ఉంది. ఆ రోజు రికార్డు చేసినవాడు యంత్రం ఆపడం మరిచిపోయినట్టుంది. కాసేపు గాలి. ఆ తరవాత, మైకుకు బాగా దగ్గరగా, ఒక ఆడమనిషి నవ్వు.

"అయిందా మైకుబాబుగారూ మీ పాట? సైకిలు తుడిచింది చాలు గాని, ఇలా వచ్చి కూర్చోండి."

మావయ్య వేళ్లు మోకాలి మీద ఆగిపోయాయి. కుర్చీ వెనక్కి పడేలా లేచాడు. "ఆపు" అన్నాడు. "ఆపవే. పాట అయిపోయిందిగా, ఆపెయ్యి."

డ్రైవరమ్మ ఆయన మొహం చూసి నిర్ఘాంతపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆ మొహాన ఆ రంగు చూడలేదు. "ఆపితే ఊడిపోతుంది మావయ్యా. మళ్లీ వినడానికి ఉండదు."

"ఉండక్కర్లేదు." యంత్రం వైపు అడుగు వేశాడు.

ఆ అడుగుకు అడ్డంగా పెద్దాయన నిలబడ్డాడు. పీట మీంచి ఎప్పుడు లేచాడో ఎవరూ చూడలేదు. మావయ్య వంక కాక, స్పీకరు వంకే చూస్తున్నాడు.

"అది మా అక్కయ్య గొంతు" అన్నాడు. "ఇల్లు వదిలి వెళ్లి ముప్పై ఎనిమిదేళ్లయింది. ఎక్కడికెళ్లిందో, ఎవరికోసం వెళ్లిందో, మా నాన్న పోయేదాకా అడుగుతూనే ఉన్నాడు."

టేపులో ఆమె గొంతు తగ్గించింది. "ఒక మాట చెబుతాను. మా తమ్ముడికి మాత్రం ఎన్నడూ చెప్పనని నాకు మాటివ్వండి."

"ఇచ్చాను" అంది ఒక కుర్రగొంతు. మావయ్య గొంతు.

పెద్దాయన చేయి చాచి, స్పీకరు చప్పుడు పెంచాడు.